ఏడో పడవ ఫొటో

దుర్గమ్మ కొండ వైపు తిరిగి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి చెబుతున్నాను, ఈ కింద రాసినదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. ఇలా ప్రమాణం చేసి మొదలుపెట్టాల్సిన అవసరం మరొకరికైతే ఉండదు గాని, నన్నెరిగినవాళ్లు బెజవాడలో చాలామందే ఉన్నారు. కృష్ణలో జారిపోయిన నా కెమెరా మూత ఆరునెలల తరవాత హనుమాన్ జంక్షన్‌లో కొన్న బొచ్చెచేప కడుపులో దొరికిందని పాతికేళ్లుగా పెళ్లిపందిళ్లలో చెప్పుకుంటూ తిరుగుతున్నవాణ్ణి. ఆ చేపను కోసింది మా ఆవిడేనని నేను చెప్పగా చెప్పగా, ఇప్పుడు తనూ నమ్మి, దాని బరువు కూడా చెబుతోంది. ఆ కబుర్లు వేరు, ఇది వేరు. ఇది మా పిన్నికి సంబంధించిన సంగతి.

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు, అంటే మా పిన్ని మనవరాలు, బెజవాడలో కాలేజీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చి ఫోను నా ముందు పెట్టింది. ఏదైనా ఒక పాట ఎంచుకుని, ఆ పాటలోని భావానికి తగ్గట్టు వరసగా కొన్ని ఫొటోలు తీసుకురమ్మని వాళ్ల మేడం చెప్పిందట. సినిమా పాటలు అందరూ చేస్తారు కాబట్టి తను పాత పాట ఏదైనా చేద్దామనుకుని, మా చిన్నప్పుడు నాట్ల మీద పాడుకునే పడవల పాట ఒకటుందని ఎవరో చెబితే వాళ్ల నానమ్మను అడిగిందట.

"నానమ్మ తనకు గుర్తులేదంది పెదనాన్నా. మీ పెదనాన్నకు బాగా గుర్తుంటుంది, ఆయన్నడుగు అంది. ఆ పాటకి నువ్వు అప్పట్లో ఫొటోలు కూడా తీశావంట కదా, చూపించవా?"

ఆ పిల్ల నవ్వుతూ అడిగింది. నేను కాఫీ తాగే వంకతో లేచి వంటింట్లోకి వెళ్లాను. పిన్నికి గుర్తులేకపోవటమేమిటి, ఆ పాట పిన్నిది. ముప్పై ఏళ్లుగా నన్ను ఒక్క మాట అనని మనిషి, ఆ మాట ఇప్పుడు మనవరాలి చేతికిచ్చి పంపిందని నాకు అర్థమయింది.

మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఫొటో అంటే స్టూడియో, స్టూడియో అంటే నల్లగుడ్డ, వెనక పూలకుండీల తెర, నవ్వితే పళ్లు కనబడతాయేమోనని బిగబట్టుకున్న మూతులు. నేను గవర్నరుపేటలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. దాని యజమానే మా గురువుగారు. ఆయన ఫొటో తీయటం కంటే తీసిన ఫొటోను దిద్దటంలో ఎక్కువ పేరున్నవాడు. దాన్ని మేము టచింగ్ అనేవాళ్లం. సన్నగా చెక్కిన పెన్సిలు పట్టుకుని, నెగెటివు మీద ఎక్కడ పలచగా ఉందో అక్కడ చుక్కలు పెడితే, కాగితం మీద మచ్చ మాయమవుతుంది, ముడత మాయమవుతుంది, మశూచి గుంటలు పూడిపోతాయి. పెళ్లిచూపుల ఫొటోలకు ఉయ్యూరు నుంచీ కంకిపాడు నుంచీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. ముత్తైదువుగా పోయినావిడ ఫొటో తెచ్చి, వెలిసిపోయింది, బొట్టు కనబడేట్టు చేయండి అని అడిగేవాళ్లు, ఆయన చేతులు కడుక్కొచ్చి మరీ బ్రష్షు పట్టుకుని ఆ బొట్టు పెట్టేవాడు. మొగుడుపోయినావిడకు పాత ఫొటోలో బొట్టు తీసేయమని ఒకాయన వస్తే మాత్రం, మాకు తీయటం రాదండి, పెట్టటమే వచ్చు అని పంపేశాడు. రాకేం, పెట్టటం కంటే తీయటం తేలిక. ఆ పనితనం నాకు ఆయనే నేర్పాడు.

అలాంటి రోజుల్లో మా ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్లు ఒక ప్రదర్శన పెట్టారు. పాటకు బొమ్మ అని దానికి పేరు. తలా ఒక పాట తీసుకుని ఏడుకు మించకుండా ఫొటోలు తీసి తగిలించాలి. ఏడు అనగానే నాకు పిన్ని పాట తలపుకొచ్చింది. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. ఉయ్యూరుకి అవతల, కృష్ణ కరకట్టను ఆనుకునే వాళ్ల ఊరు. ఊడ్పుల్లో పిన్ని పాడుతుంటే పక్క మడివాళ్లు నారుకట్టలు పట్టుకుని అలాగే నిలబడిపోయేవారు. ఆ పాటలో ఒకావిడ రేవులో నిలబడి మొగుడి కోసం ఎదురుచూస్తుంటుంది.

ఒకటో పడవా వచ్చె, ఉలవ బస్తా వచ్చె, నావాడు రాడాయె రేవులోకీ
రెండో పడవా వచ్చె, రేగుపళ్లూ వచ్చె, నావాడు రాడాయె రేవులోకీ

ఇలా పడవలన్నీ వస్తాయి, ఏదో ఒకటి తెస్తూనే ఉంటాయి. ఆఖర్న,

ఏడో పడవా వచ్చె, ఎర్ర తువ్వాలొచ్చె, నావాడు రాడాయె రేవులోకీ

అంతే. ఆ తరవాత చరణం లేదు. ఏమయిందో పాటలో ఎవరూ చెప్పరు. అక్కడ పిన్ని కాసేపు పాట ఆపి, నడుం వంచి, మళ్లీ నాట్లు వేసేది.

కెమెరా తీసుకుని వెళ్లి అడిగితే, నా మొహానికి ఫొటోలేంటిరా అంటూనే పిన్ని ఒప్పుకుంది. బాబాయి అంతకంటే హుషారు. చెరుకు కొట్టుళ్లు ఇంకా మొదలుకాలేదు కాబట్టి ఆయనకు తీరికే. ఏటి మధ్య లంకల్లోంచి పాల క్యాన్లూ వంకాయ బుట్టలూ వేసుకుని పొద్దున్నే పడవలు వచ్చే రేవులో, నాలుగు రోజుల పాటు ఏటవాలు ఎండలో పిన్నిని నిలబెట్టాను. నీడవైపు మొహం చీకటిగా పడుతోందంటే బాబాయి ఉతికిన తెల్లపంచె మడత విప్పి, రెండు చేతులా వెడల్పుగా పట్టుకుని, ఫొటోలో పడకుండా పక్కన నిలబడ్డాడు. పంచె మీద పడిన ఎండ పిన్ని మొహం మీదికి వెన్నలాగా వచ్చేది. ఏడో ఫొటోలో తువ్వాలు కూడా ఆయన భుజం మీద నుంచి తీసి ఇచ్చిందే.

ఆ ఏడో ఫొటోకే తంటా వచ్చింది. పిన్ని దిగులుగా మొహం పెట్టబోయేసరికి పంచె వెనక నుంచి బాబాయి అందుకునేవాడు.

"ఏమే, నేనిక్కడే ఉంటే ఆ చూపేంటి? ఎవడికోసమే?"

"నోరు మూసుకుని ఆ పంచె సరిగ్గా పట్టుకో. అసలే ఊరంతా చూస్తోంది."

పిన్ని నవ్వు ఆగదు, నా రీలు అయిపోవస్తోంది. చివరికి పిన్నే, ఉండరా, ఆ చరణం పాడుకుంటాను అని, నీళ్ల వైపు తిరిగి, పెదవి కదిలీ కదలకుండా పాడుకుంది. మొహం మారిపోయింది. మీట నొక్కాను. అయితే నా బుర్రలో పురుగు ఊరుకోదుగా. ఈ ఒక్క దానికి బొట్టు లేకుండా ఇంకోటి తీద్దామా పిన్నీ, పాటకి తగ్గట్టుంటుంది అన్నాను. పిన్ని నా వైపు కోపంగా కూడా చూడలేదు.

"ఆ మాట మళ్లీ అనకు నాయనా," అంది. తువ్వాలు దులిపి బాబాయి భుజం మీద వేసి, కరకట్ట ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది.

మళ్లీ అనలేదు నేను. బెజవాడ వచ్చి, నెగెటివు కడిగి, గురువుగారు కంటి పరీక్షకని వెళ్లిన పూట, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. రూపాయి బిళ్లంత బొట్టు. పైట మెడ చుట్టూ కప్పుకుని ఉంది కాబట్టి తాళి కనబడదు, చేతులు తువ్వాలు కింద ఉన్నాయి కాబట్టి గాజులు కనబడవు. ఇక అడ్డమల్లా ఆ బొట్టే. అరగంట పట్టింది. ప్రింటు నీళ్లలో తేలుతూ పైకి వచ్చినప్పుడు, ఉత్త నుదుటితో పిన్ని నీళ్ల వైపు చూస్తుంటే ఒక్క క్షణం ఒళ్లు జలదరించిన మాట నిజమే, కానీ రెండో క్షణంలో నేననుకున్నదేమిటంటే, ఎంత బాగా వచ్చిందీ అని.

ప్రదర్శనలో ఆరు ఫొటోల దాకా చకచకా నడిచి వచ్చినవాళ్లు ఏడోదాని ముందు ఆగిపోయేవారు. ఆరింటిలో ఉన్న బొట్టు ఏడోదాంట్లో లేదని గమనించిన ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. అక్కడితో ఊరుకుని ఉంటే అది ఒట్టి తుంటరి పని అయ్యేది. కానీ జనం ఆగితే నా నోరు ఆగదు. మొదట ఒకాయన ఈవిడ ఎవరండీ అంటే మా పిన్ని అన్నాను. రెండో ఆయనకు, మొదటి ఆరూ బాబాయి ఉండగా తీసినవండీ అన్నాను. మధ్యాహ్నానికల్లా నా కథలో లంక నుంచి వస్తున్న పడవ బోల్తా పడింది, బాబాయి దొరకలేదు, తువ్వాలు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చింది, పిన్ని అప్పటినుంచీ రోజూ రేవుకి వస్తోంది. కొడుకుతో వచ్చిన ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, లావుపాటి కళ్లద్దాలు, కొంగుతో కళ్లు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని, మీ పిన్నిని జాగ్రత్తగా చూసుకో నాయనా అని మరీ వెళ్లింది. మొదటి బహుమతి నాకే వచ్చింది. ఒక పత్రిక వాళ్లు ఆ ఏడో ఫొటోను, నేను చెప్పిన కథతో సహా, బెజవాడ పేజీలో వేశారు. ఆ పేజీ ఉయ్యూరు వైపు వెళ్లదులే అని నేను ముందే కనుక్కున్నాను.

గురువుగారు ఆఖరు రోజున వచ్చాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, ఫొటోకు మూడంగుళాల దూరంలో మొహం పెట్టి చూశాడు.

"పెన్సిలు బాగానే పట్టావే," అన్నాడు, వెళ్లిపోయాడు. ఆ తరవాత నాకు టచింగ్ పని ఇవ్వలేదు.

నెల తిరక్కుండానే నాకు సొంతంగా మొదటి పెళ్లి పని వచ్చింది. వచ్చిందంటే పిన్ని ఇప్పించింది. కంకిపాడులో పిన్ని చిన్ననాటి స్నేహితురాలి కూతురి పెళ్లి. మా అక్క కొడుకు బెజవాడలో ఫొటోలు తీస్తాడే, బహుమతి కూడా వచ్చిందంట, వాడికే చెప్పు అని చెప్పి ఒప్పించింది. పసుపు కొట్టే రోజు నుంచే ఫొటోలు కావాలన్నారు. ఇది ఇప్పటి పిల్లలకు చెప్పాలి గాని మీకు తెలుసు, పెళ్లిపనులకు మొదలు అదే. రోటికి పసుపు రాసి, రోకళ్లకు మామిడాకులు కట్టి, ఐదుగురు ముత్తైదువులు పసుపుకొమ్ములు దంచాలి. మొదటి పోటు ఎవరు వేస్తారన్నది పెద్ద గౌరవం. స్నేహితురాలు ఆ మొదటి రోకలి పిన్ని చేతికిచ్చింది. పాట కూడా నువ్వే అందుకోవాలే అంది. పిన్ని ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, బొట్టు ఇంకాస్త పెద్దదిగా పెట్టుకుని వచ్చింది.

నేను కెమెరా సరిచేసుకుంటున్నాను. పెళ్లికూతురి నాయనమ్మ, బెజవాడలో పెద్దకొడుకు దగ్గర ఉండేదట, అప్పుడే కారు దిగి లోపలికి వచ్చింది. తెల్లజుట్టు, లావుపాటి కళ్లద్దాలు. ఆవిడ పిన్నిని చూసి ఆగిపోవటం నేను కెమెరా అద్దంలోంచే చూశాను. దగ్గరికి వెళ్లి, ఎంతో మెత్తగా, పిన్ని చేతిలోని రోకలి మీద తన చెయ్యి వేసింది.

"అమ్మాయ్, నువ్వు కాసేపు ఇటొచ్చి కూర్చో తల్లీ."

"పర్లేదండీ, నాకేం నొప్పులు లేవు," అని నవ్వింది పిన్ని.

"అది కాదమ్మా. నీ కష్టం నాకు తెలుసు. బొట్టు పెట్టుకున్నావు, మంచిదే, నేను తప్పనను. కానీ రోకలి మాత్రం వద్దు తల్లీ. పిల్ల కాపురం."

పెళ్లికూతురి తల్లి బియ్యం పళ్లెం కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చింది. "ఏంటత్తయ్యా ఆ మాటలు. అన్నయ్యగారు శుభ్రంగా ఉన్నారు. చెరుక్కి నీళ్లు పెట్టి వస్తానన్నారు."

"నాకు చెప్పకు. పేపర్లో వేశారు. బొట్టు లేకుండా ఫొటో నా కళ్లతో చూశాను. పడవ బోల్తా పడిందని వీళ్ల అబ్బాయే చెప్పాడు."

రోలు చుట్టూ ఉన్న నలుగురూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరూ కావాలని వేసింది కాదు, కాళ్లే వేశాయి. పిన్నికి మొదట ఏమీ అర్థం కాలేదు. పడవ అన్న మాట విన్నాక మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది.

అప్పుడు నేను కెమెరా మెడలోంచి తీసి అరుగు మీద పెట్టాను. రోటి ముందుకు వెళ్లి, అందరూ వినేట్టుగా, నాయనమ్మగారూ, ఆ బొట్టు నేనే పెన్సిలుతో చెరిపాను, పడవా లేదు బోల్తా లేదు, మా బాబాయి ఆ ఫొటో తీసేటప్పుడు పక్కనే పంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు, తప్పంతా నాది అని చెప్పేశాను. ఆవిడ నా చెవి పట్టుకుని మెలిపెట్టి, ఈ వయసులో నాచేత ఎంత పాపం చేయించావురా అని తిట్టి, తన చేత్తో రోకలి తీసి పిన్నికిచ్చింది. పిన్ని మొదటి పోటు వేసింది. పాట కూడా అందుకుంది. అంతలో బాబాయి సైకిలు దిగి, ఏంటి అందరూ నన్నే చూస్తున్నారు అంటే, ఆడవాళ్లందరూ పడి పడి నవ్వారు.

ఇప్పుడు పసుపు ప్యాకెట్లలో వస్తోంది. ఈవెంటు వాళ్లు రంగులు వేసిన రోలు వ్యానులో తెస్తున్నారు, ఆడవాళ్లు ఐదుగురూ రోకలి పట్టుకుని, ఫొటోకి రెండు పోట్లు వేసి, ఎలా వచ్చిందో చూసుకుని దించేస్తున్నారు, పాట స్పీకర్లో వస్తోంది. ఫొటోలో బొట్టు తీయాలన్నా పెట్టాలన్నా పెన్సిలు చెక్కక్కర్లేదు, వేలితో ఇలా అంటే చాలు, దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లూ లేరు. బాబాయి పోయి నాలుగేళ్లయింది. పిన్ని చిన్న బొట్టు పెట్టుకునే ఉంటోంది, కొడుకూ కోడలూ తీయనివ్వలేదు, ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. పోయినేడు ఎవరో పెళ్లిలో ఆ రంగుల రోలు దగ్గరికి పిన్నిని కూడా రమ్మని చెయ్యి పట్టుకుని లాగారట. ఈ మంచి రోజులు కాస్త ముందే వచ్చి ఉంటే బాగుండేదని నాబోటివాడికి అనుకునే హక్కు లేదు గాని, అనుకుంటూనే ఉన్నాను.

దుర్గమ్మ కొండ వైపు మళ్లీ తిరగాలంటే సిగ్గుగా ఉంది. బొట్టు చెరిపింది నిజం. పడవ కథ చెప్పింది నిజం, బహుమతి నిజం, ఆ పెద్దావిడ నిజం, పిన్ని నా వైపు చూసిన చూపు నిజం. నేను కెమెరా అరుగు మీద పెట్టింది మాత్రం అబద్ధం. చెవి మెలిపెట్టటం, నవ్వులు, బాబాయి సైకిలు, ఇవన్నీ నేను తరవాత ముప్పై ఏళ్లలో కొంచెం కొంచెంగా అల్లుకున్నవి. ఆ మధ్య నాకే నిజమనిపించే దాకా వచ్చాయి.

ఆ రోజు నా మొదటి పెళ్లి పని ఎక్కడ పోతుందో, బహుమతి వెనకున్న అబద్ధం ఎక్కడ బయటపడుతుందో అని, పిన్ని నా వైపు చూడగానే నేను కెమెరా కంటికి ఆనించుకున్నాను. దాని వెనక ఉంటే మొహం కనబడదు. పిన్ని ఒక్క నిమిషం ఆగింది. నా పేరు చెప్పి ఉంటే సరిపోయేది, చెప్పలేదు. రోకలి పక్కావిడ చేతిలో పెట్టి, కొంగు దోపుకుని, కొబ్బరికాయలు నేను కోరతానులే అని వంటింట్లోకి వెళ్లిపోయింది. తరవాత నేనెప్పుడు వెళ్లినా కాఫీ ఇచ్చింది, భోజనం పెట్టింది, నా పిల్లలకు నలుగులు పెట్టింది, నా కెమెరా ముందు మాత్రం మళ్లీ నిలబడలేదు. బాబాయి పోయినప్పుడు, ఇద్దరూ కలిసున్న ఫొటో ఒకటివ్వన్నయ్యా అని తమ్ముడు అడిగితే, ఊరందరికీ ఫొటోలు తీసిన నా దగ్గర ఒక్కటీ లేదు.

పిన్ని గడప దాటి లోపలికి వెళ్లాక రోటి దగ్గర ఎవరూ కదల్లేదు, అందరూ ఏదో ఒక మాట కోసం చూస్తున్నారు. ఆ మాట నేనే అన్నాను.

"వెలుతురు పోతోందండీ, కాస్త తొందరగా కానివ్వండి," అన్నాను.

అప్పటికి ఉదయం తొమ్మిదిన్నర.